ఉయ్యూరు నుంచి రాని పలకరింపు

సలోమి పలకరింపుకి రాలేదు. నేను విజయవాడ ప్రయాణం పెట్టుకోవడానికి అసలు కారణం అదే. అక్కకు మాత్రం ఫోన్‌లో "నిన్ను చూడాలనిపించింది, వస్తున్నాను" అని చెప్పాను. అదీ అబద్ధం కాదు.

మా వారు జూన్ చివర్లో పోయారు. సికింద్రాబాదులోని మా ఇంటికి చాలామంది వచ్చి పలకరించి వెళ్ళారు. ఆయనతో ఎప్పుడో ఒకసారి పనిచేసినవాళ్ళు, సరిగ్గా పేరు కూడా గుర్తురాని వాళ్ళు వచ్చారు. కాలేజీ రోజుల నుంచి నలభై ఏళ్ళ స్నేహం ఉన్న సలోమి రాలేదు, ఫోనూ చేయలేదు. మా వైపు చావు జరిగిన ఇంటికి మనిషి వచ్చి, ఎదురుగా కూర్చుని పలకరించాకే మిగతా మాటలు. అది కాకుండా ఫోన్‌లో మామూలుగా మాట్లాడితే తప్పు పడతారు. అందుకని రాలేకపోయిన మనిషికి రోజులు గడిచేకొద్దీ ఫోన్ చేయడం కూడా కష్టమవుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ మొదటి నెల ఎదురుచూశాను, రెండో నెల కోపం తెచ్చుకున్నాను, ఆ తర్వాత మర్చిపోయాననుకున్నాను.

డిసెంబరు మొదట్లో ఒక ఉదయం కాఫీ కలుపుకుంటుంటే, ఈ స్నేహం ఇంక ఇలాగే ముగిసిపోతుందని స్పష్టంగా అర్థమైంది. ఆయన పోవడం నా చేతుల్లో లేదు. ఇది కొంతవరకైనా నా చేతుల్లో ఉంది. ఆ రోజే టికెట్ తీశాను.

రైలు ఏడు కావస్తుండగా బయల్దేరింది. ఛైర్‌కార్‌లో నాది కిటికీ సీటు. కాజీపేట దాకా మంచు, బయట ఏమీ కనపడలేదు. పెళ్ళయ్యాక ఒంటరిగా ఇంత దూరం ప్రయాణం చేయడం ఇదే మొదలు. మా అమ్మాయి పుణె నుంచి రెండుసార్లు ఫోన్ చేసి నీళ్ళ సీసా పెట్టుకున్నానా అని అడిగింది.

పక్క సీటాయన ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టుల వ్యాపారి. వరంగల్‌లో ఇడ్లీ తిని, చేతులు తుడుచుకుని మాటలు మొదలుపెట్టారు.

"బెజవాడేనా అండీ?"

"అవునండీ. అక్క దగ్గరికి."

"మంచి టైములో వస్తున్నారు. ఎండాకాలం వస్తే మీ అక్కగారు మిమ్మల్ని చూసి కూడా చిరాకు పడతారు." మోకాలు నిమురుకుంటూ, "మా ఆటోనగర్‌లో దొరకని పార్టు ఉండదండీ. నా మోకాలికి సరిపోయేదే ఇంకా రాలేదు" అన్నారు. నవ్వాను. పక్కవాళ్ళ మాటకు నవ్వడం నాకే కొత్తగా అనిపించింది.

ఖమ్మం దాటాక ఎండ వచ్చింది. కొండపల్లి కొండలు కనపడగానే సగం పెట్టె లేచి సామాను దించడం మొదలుపెట్టింది, ఇంకా అరగంట ప్రయాణం ఉన్నా. పన్నెండున్నరకు విజయవాడలో దిగాను. సత్యనారాయణపురానికి ఆటోలో పది నిమిషాలే. బేరమాడకపోతే ఆటో అతనే ఆశ్చర్యపోయేలా ఉన్నాడని కాస్త ఆడాను.

అక్క గుమ్మంలోనే నన్ను పైనుంచి కిందికి చూసింది. "చిక్కిపోయావే వసూ. వండుకుంటున్నావా, లేకపోతే పుస్తకాలు నమిలి మింగుతున్నావా?" అంది. బావగారు నా చేతిలో సంచీ అందుకున్నారు. దోసకాయ పప్పు, వంకాయ కూర, చారు. చాలా రోజులకు ఆకలి వేసి తిన్నాను.

సాయంత్రం బావగారు, నేను కృష్ణ ఒడ్డుకు వెళ్ళాం. శీతాకాలంలో అక్కడ ఆరు గంటలకే చలి మొదలవుతుంది. బ్యారేజీ మీద వాహనాలు ఆగకుండా పోతున్నాయి. బావగారు మితభాషి. గంటసేపట్లో ఆయన అన్నది ఒక్కటే: "నీళ్ళు బాగానే ఉన్నాయి."

రాత్రి భోజనాల దగ్గర, మర్నాడు ఉయ్యూరు, సలోమి దగ్గరికి వెళ్తానని చెప్పాను. అక్క చేతిలో గరిటె ఆగింది.

"పలకరింపుకి రాని మనిషి గడప మనం తొక్కడమేంటే? ఎదురెళ్ళి మరీ పలకరించమని అడుక్కుంటావా?"

"అడుక్కోను. ఎందుకు రాలేదో అడుగుతాను."

"ఏం చెప్తుంది? కుదర్లేదంటుంది. అప్పుడేం చేస్తావు?"

సలోమి నిజంగా ఆ మాటే అంటే ఇంక మా మధ్య మిగిలేదేమీ ఉండదు. అది తేల్చుకోవడానికే వెళ్తున్నాను. బావగారు మజ్జిగ పోసుకుంటూ, "కుదర్లేదంటే టీ తాగి వచ్చేస్తుంది. నువ్వు తోడు వెళ్తావా?" అన్నారు.

"నేనా? నా ఖర్మా?" అంది అక్క.

మర్నాడు తొమ్మిదింటికి బావగారు స్కూటర్ మీద బస్టాండులో దింపారు. ఉయ్యూరు బస్సులు బందరు వైపు ప్లాట్‌ఫారాల నుంచి బయల్దేరతాయి, ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. గంట ప్రయాణం. బస్టాండులోనే ఒక అంగట్లో పూతరేకుల డబ్బా కొన్నాను. కోపంతో వెళ్తున్నా సరే, ఉత్త చేతులతో వెళ్ళడం అలవాటు లేదు.

కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి, "ఇది తెలంగాణదమ్మా. మీకు ఫ్రీ రాదు, టికెట్ తీసుకోవాలి" అంది.

పుట్టింది ఇక్కడేనన్నాను. నా పక్కన కూర్చున్నావిడ కల్పించుకుంది. "పుట్టింది ఇక్కడేనంట కదా. ఆడపిల్ల పుట్టింటికొస్తే టికెట్టేంటి?"

"అయితే ఆ పుట్టింటోళ్ళనే ఇమ్మనండి," అంది కండక్టర్, టికెట్ చింపుతూ. బస్సులో ముందు వరసలన్నీ నవ్వాయి.

కంకిపాడు దాటాక రోడ్డుకు రెండు వైపులా కోతలైన వరిచేలు, వాటిలో కుప్పలు. కొన్ని చేలల్లో అప్పుడే మినుము మొలకెత్తింది. చెరకు ట్రాక్టర్లు వరసగా అడ్డం రావడంతో బస్సు చాలాచోట్ల నడకవేగంలో సాగింది. తొందర ఉన్నవాళ్ళు ఈ నెలల్లో పొద్దున్నే బయల్దేరడం మంచిది. నాకు తొందర లేదు. ఏం మాట్లాడాలో లోపల కూర్చుకుంటున్నాను. ప్రతిసారీ మొదటి వాక్యం మరీ పరుషంగా వస్తోంది.

ఉయ్యూరులో దిగి చర్చి వీధిలోకి నడిచాను. ఇరవై ఏళ్ళలో అక్కడ మేడలు లేచాయి, ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. క్రిస్మస్ నెల కాబట్టి దాదాపు ప్రతి ఇంటి ముందూ స్టార్ వేలాడుతోంది. వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టులో ఒకావిడ చింతపండు తూస్తోంటే అడిగాను.

"సలోమి టీచర్ గారిల్లు ఎక్కడండీ?"

"వాళ్ళమ్మ గారు పోయారు, ఆ టీచర్ గారేనా?"

"ఎప్పుడు?" అన్నాను.

"వానల్లోనండీ, జూలైలో. మీకు తెలీదా? ఎడమ పక్క చూసుకుంటూ వెళ్ళండి. స్టార్ కట్టని ఇల్లు ఆవిడదే."

మార్తమ్మ గారు. కాలేజీ రోజుల్లో సెలవులకు సలోమితో వచ్చినప్పుడు, నేను మాంసం ముట్టనని నా కోసం వేరే గిన్నెలో పప్పు వండిపెట్టిన మనిషి. ఆవిడ పోయి అయిదు నెలలైంది. నేను పలకరించడానికి రాలేదు. పైగా చేతిలో మిఠాయి డబ్బాతో వచ్చాను.

డబ్బా ఆ కొట్టావిడకు ఇచ్చేశాను. "మీ ఇంట్లో పిల్లలకివ్వండి. చావు జరిగిన ఇంటికి తీసుకెళ్ళలేను కదా."

"అయ్యో, మీరెవరో నేనెవరో," అంటూనే తీసుకుంది. "అవున్లెండి. పలకరింపుకి తీపి పట్టుకెళ్తే బాగోదు."

బస్సులో కూర్చుకున్న వాక్యాలేవీ ఇప్పుడు పనికిరావు. అడగడానికి వచ్చినదాన్ని, ఓదార్చాల్సినదాన్నయ్యాను.

తలుపు సలోమే తీసింది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి గడియ మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయింది.

"అమ్మ సంగతి ఇప్పుడే తెలిసింది," అన్నాను. "మీ వీధి మొదట్లో కొట్టులో చెప్పారు."

"ఇప్పుడా? గ్రూపులో పెట్టాను కదే!"

కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపు గురించి ఆమె మాట. మా వారు పోయిన వార్త నేనూ అందులోనే పెట్టాను. వెంటనే దండాలు, గులాబీలు, వెలుగుతున్న దీపాలు వరస కట్టాయి. మూడో రోజు నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

సలోమి కుర్చీలో కూలబడింది. "అందరూ దండాలు పెట్టారు, నువ్వు తప్ప. ఆయన పోయినప్పుడు నేను రాలేదని నీకు కోపం అనుకున్నాను."

"కోపమే. మరి ఎందుకు రాలేదు?"

"ఆదివారానికి టికెట్ తీశాను వసూ. శుక్రవారం అమ్మ బాత్రూంలో పడిపోయింది. పది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ తర్వాత అమ్మే లేదు."

"తర్వాతైనా రావచ్చు కదా?"

"చావింటి వాళ్ళు ఇంకో చావింటికి వెళ్ళకూడదంట కదే, మీలో. మా పక్కింటావిడ చెప్పింది. మా పాస్టర్ గారిని అడిగితే అవేం లేవమ్మా, వెళ్ళు అన్నారు. ఆయనకేం, మీ అక్కగారు తెలీదు కదా! నీ ఇంటికి నేను ఇంకో కీడు తెచ్చానని ఎవరైనా అంటే?"

"నన్నే అడగొచ్చుగా, ఫోన్ చేసి."

"ఫోన్ చేస్తే ముందు పలకరించాలి. ఫోన్‌లో పలకరిస్తే అదో తప్పు. మీ తప్పులన్నీ నేర్చుకునేసరికి నాకు అరవై వచ్చేశాయే!"

ఇద్దరం ఒక్కసారే నవ్వాం. ఆ నవ్వులోనే ఇద్దరికీ ఏడుపు వచ్చింది. మా పద్ధతి తప్పుతుందని ఆమె, ఆమె రాలేదని నేను ఆగిపోయాం. ఇద్దరం ఎదురుచూస్తూ అయిదు నెలలు ఒంటరిగా కూర్చున్నాం.

తర్వాత మార్తమ్మ గారి చివరి రోజుల గురించి సలోమి చెప్పింది, నేను విన్నాను. మధ్యాహ్నం పప్పన్నం పెట్టింది. "అమ్మ వండే గిన్నె ఎక్కడ?" అని అడిగాను. అటక మీద ఉందట. దించడానికి నిచ్చెన ఎక్కగలిగిన మోకాళ్ళు ఇద్దరికీ లేవు. కుక్కర్‌లోంచే వడ్డించుకున్నాం. ఆ రోజు తిరిగి వెళ్ళలేదు. అక్కకు ఫోన్ చేసి జరిగింది చెబితే, "రేపు దాన్నీ తీసుకురా, భోజనానికి" అంది.

సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తుంటే సలోమి, "రేపు నేనూ వస్తున్నా" అంది.

"అక్క పిలిచిందిగా."

"అక్కగారింటికే కాదు. అక్కణ్ణుంచి మీ ఇంటికి, సికింద్రాబాదుకి. ఇవాళ ఏడ్చింది మా అమ్మ కోసం. అన్నయ్యగారి పలకరింపు మీ ఇంట్లోనే చెయ్యాలి. ఇక్కడ చేస్తే చెల్లదు."

మర్నాడు అక్క, సలోమి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "చావింటికి వెళ్ళకూడదన్నది ఆ మైల రోజుల మాటమ్మా. అది తీరాక ఏముంది? నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

"మిమ్మల్ని అడగాలంటేనే భయం అక్కగారూ."

"నాకూ అదే భయమమ్మా," అన్నారు బావగారు. అక్క ఆయన వైపు చూసిన చూపుకి ఆయన టికెట్ల పని మీద పడ్డారు. సలోమికి మిగిలిన సీట్లలో ఒకటి దొరికింది గానీ వేరే పెట్టెలో.

రైలు ఒకటిన్నరకు. నా పక్క సీటాయనను, సలోమి సీటుకు మారతారా అని అడిగాను. "మారతాను గానీ, అక్కడ కిటికీ సీటేనా?" అన్నారు. అవునని తేలాక సంతోషంగా లేచారు. మధిర దాటకముందే సలోమి నిద్రపోయింది. నేను పుస్తకం తెరిచి, చదవకుండా బయటికి చూస్తూ కూర్చున్నాను.

మూడు రోజుల ప్రయాణం. చూసింది ఒక నది ఒడ్డు, ఒక బస్సు దారి, రెండు ఇళ్ళు. విజయవాడలో చూడదగ్గవి ఇంకా చాలా ఉన్నాయి, వెళ్ళేవాళ్ళు శీతాకాలంలోనే వెళ్ళండి. కానీ ఎవరి పలకరింపు కోసమో ఎదురుచూస్తున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ ఊరి బస్సు ఎక్కండి. వాళ్ళ గుమ్మంలో ఏం జరిగిందో ఇక్కడ కూర్చుంటే తెలియదు.

ఏడున్నరకు ఇంటికి చేరాం. చావు జరిగిన ఇంట్లో, పలకరింపుకి వచ్చినవాళ్ళను రమ్మని పిలవరు. తాళం తీసి పక్కకు జరిగాను. సలోమి లోపలికి వెళ్ళి, ఆయన ఫోటో ఎదురుగా కింద కూర్చుంది. "అన్నయ్యగారూ, ఆలస్యమైంది," అని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, నా భుజం ఆసరాగా లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"బియ్యం ఎక్కడ పెడతావే?" అంది లోపల్నుంచి.