హమ్రాకుల్ ఆకా మర్చిపోయినవి

హమ్రాకుల్ ఆకా వెళ్ళిన చోట ఏదో ఒకటి మర్చిపోకుండా తిరిగి వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. టోపీ, కళ్ళద్దాలు, గొడుగు, ఫ్లాస్కు. ఒకసారి ఎడమ కాలి రబ్బరు జోడు. కుడి కాలిది మాత్రం వేసుకుని, బురదలో ఒరుగుతూ వచ్చి కారెక్కి, "ఈ ఊరి నేల ఒకవైపు కుంగిందేమిటి జూరాబాయ్?" అని డ్రైవరును అడిగారు.

పత్తి చేలలో పిల్లల చాకిరీనీ, బలవంతపు కూలీనీ మాన్పించడానికి పెట్టిన అంతర్జాతీయ ప్రాజెక్టుకు మా లోయలో ఆయన అధిపతి. చిన్నా పెద్దా అందరూ ఆకా, అంటే అన్నయ్య, అనే పిలిచేవారు. నేను ఆయన దగ్గర దుబాసీని; నన్ను ఓపా, అంటే అక్కయ్య, అనేవారు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు జిల్లా గ్రంథాలయంలో పనిచేశాను. తీసిన పుస్తకం తీసిన చోటే పెట్టకపోతే నాకు అన్నం సహించదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఆ మనిషి పక్కన కూర్చోబెట్టారు.

ఏ ఊరినుంచి కదిలే ముందైనా జూరాబాయ్ హాజరు పట్టీ చదివేవాడు.

"టోపీ?"

"నెత్తిన ఉంది."

"కళ్ళద్దాలు?"

"ముక్కు మీద ఉన్నాయి."

"ఫ్లాస్కు?"

"ఓపా ఒళ్ళో ఉంది."

"ఫైలు?"

"ఏ ఫైలు?" అనేవారు ఆకా, కొత్త సంగతేదో విన్నట్టు.

వెనక్కి వెళ్ళి తెచ్చుకుందామంటే ఒప్పుకునేవారు కాదు. "పెట్రోలు దండగ. వాళ్ళే తెచ్చిస్తారులే" అనేవారు. తెచ్చిచ్చేవారు కూడా. అతిథి మర్చిపోయిన వస్తువును ఇంకొకరి చేత పంపితే ఆ ఇంటికి పరువు తక్కువ. ఇంటివాళ్ళే స్వయంగా తేవాలి, అదీ ఉత్త చేతులతో కాదు. అందుకని మా ఆఫీసుకు రోజూ ఎవరో ఒక ఇల్లాలు ఆయన టోపీనో గొడుగునో, దానితోపాటు గుడ్డలో చుట్టిన నాలుగు రొట్టెలనో ఎండు ద్రాక్షనో పట్టుకుని వచ్చేది. ఆకా వాళ్ళను లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, టీ పోసేవారు. బయట నేను రొట్టెలు పంచేదాన్ని. ఆ ఉద్యోగంలో నేను పన్నెండు కిలోలు పెరిగాను.

మా అసలు పని మాత్రం అంత సుఖంగా సాగేది కాదు. ఆకులు పండే రుతువు వస్తే చాలు, టీచర్లనీ నర్సులనీ, చాటుమాటుగా బడిపిల్లలనీ పత్తి తీయడానికి తోలేవారు. కాగితాల మీద అందరూ మనసుపడి వెళ్ళినవాళ్ళే. మేం చేలోకి వెళితే పిల్లలు ముందే మాయం. ఎవర్నడిగినా పైవాళ్ళకేసి చూసి, "మాకేం ఇబ్బంది లేదు" అనేవారు. ఫిర్యాదు కోసమని మా ఆఫీసు మెట్టెక్కినవాళ్ళ పేరు పొద్దు గుంకేలోపు జిల్లా పెద్దలకు చేరేది. ఆ తరవాత ఉద్యోగం ఉండేది కాదు.

దీనికి ముఖ్య కార్యాలయం వాళ్ళు ఒక ఉపాయం పంపారు: ప్రతి బడి గేటుకూ నీలం రంగు ఫిర్యాదుల పెట్టె. ఆరు నెలల తరవాత వాటిని తెరవడానికి అక్కడినుంచి ఒక పొడుగాటి కుర్రవాడు విమానంలో వచ్చాడు. ముప్ఫై పెట్టెల్లోనూ కలిపి దొరికినవి: పొద్దుతిరుగుడు గింజల పొట్టు, ఒక పిచ్చుక గూడు, జిల్లా అధికారిని పొగుడుతూ జిల్లా అధికారి గుమాస్తా దస్తూరీలో ఒక ఉత్తరం.

"మరి మీ నివేదికల్లో ఇన్ని పేర్లూ వివరాలూ ఎక్కడివి?" అని ఆ కుర్రవాడు ఆశ్చర్యపోయాడు.

"నలుగురితో తిరుగుతుంటాం కదా బాబూ" అన్నారు ఆకా. అతన్ని విమానాశ్రయంలో దించి వచ్చేటప్పుడు తన కోటు అక్కడే మర్చిపోయారు. అది మాత్రం తిరిగి రాలేదు. అక్కడ ఇల్లాళ్ళు ఉండరు.

ఆ ఏడు పత్తి విచ్చే వేళకు కాలవ అవతలి ఊరి బడికి వెళ్ళాం. ఏడో తరగతి పిల్లల్ని వచ్చే సోమవారం నుంచి చేలకు పంపుతారని మాకు గాలికబురు అందింది. ముప్ఫై ఒక్కమంది, పన్నెండేళ్ళవాళ్ళు. ఆ తరగతి టీచరు జుల్ఖుమోర్. నిజం ఆమెకు తెలుసు. కానీ హెడ్మాస్టరు సోబిర్ ఆమెను వదలడే. టీ తనే పోశాడు, రొట్టె తనే తుంచాడు, ఆమెను అడిగినవాటికి జవాబు కూడా తనే చెప్పాడు.

ఆకా ఒక్కటంటే ఒక్క పనికొచ్చే ప్రశ్న వేయలేదు. గంటసేపు కర్బూజాల గురించి మాట్లాడారు. తొడిమె ఎండాక కోయాలా, ముందే కోయాలా అని.

కారులో నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లల గురించి అడగడానికి కదా వచ్చింది?"

"ఆయన ముందు అడిగితే ఆ అమ్మాయి ఏం చెబుతుంది ఓపా?"

"అయితే ఎందుకు వచ్చినట్టు?"

"నా టోపీ ఏది?" అన్నారు ఆకా.

టీచరు బల్ల మీద మర్చిపోయారట. మర్నాడు పొద్దున్నే టోపీ వచ్చింది. పళ్ళెంలో రెండు కర్బూజాలు, వాటి మీద టోపీ, ఆ వెనక సోబిర్ మాస్టారి నవ్వు మొహం. "ఆడకూతురికి ఎందుకండీ శ్రమ, నేనే తెచ్చాను" అన్నాడు.

పోయిన టోపీ దొరికితే ఎవరైనా సంతోషిస్తారు. ఆకా మొహం మాత్రం పొయ్యిలో కూలిన రొట్టెలా అయింది. ఆ రోజంతా కర్బూజా ముట్టలేదు. అప్పటికే గురువారం.

శుక్రవారం ఉదయం ఆయన ఆ పళ్ళెం నిండా హల్వా పెట్టించి, "మాస్టారి పళ్ళెం ఖాళీగా ఉంచుకోకూడదు, పదండి" అని బయల్దేరదీశారు. బడి దగ్గర దిగగానే నాకేసి చూసి, "మీ మొహం వాడిపోయింది ఓపా. జుల్ఖుమోర్ ఇల్లు పక్కనేగా, వెళ్ళి కాస్త నీళ్ళు చల్లుకుని రండి" అన్నారు. నా మొహం బాగానే ఉంది. అయినా, బడిలోంచి తోడు వచ్చిన జుల్ఖుమోర్ వెంట వెళ్ళాను. సోబిర్ మాస్టారు ఆడవాళ్ళ వెంట రాలేక గేటు దగ్గర హల్వా పట్టుకుని నిలబడిపోయాడు.

మొహం తుడుచుకుని బయటికి వచ్చేసరికి కారు లేదు. రోడ్డు మీద దుమ్ము ఉంది, హల్వాతో మాస్టారు ఉన్నాడు.

"వెళ్ళిపోయారండీ" అన్నాడు నోరు తెరిచి. "ఇన్నాళ్ళూ వస్తువులు మర్చిపోతారని విన్నాను. ఇప్పుడు మనిషిని కూడానా?"

నాకు ఏడుపొకటే తక్కువ.

"ఫరవాలేదు, నా ట్రాక్టరు మీద దించేస్తాను" అన్నాడు మాస్టారు.

"బావుంది మాస్టారూ," అంది జుల్ఖుమోర్, అప్పటిదాకా గొంతే విప్పని మనిషి. "మా గడప తొక్కిన ఆడమనిషిని పరాయి మగాడి ట్రాక్టరు మీద పంపితే రేపు మా అత్తగారు బజార్లో తలెత్తుకుంటుందా? మా ఇంట్లో మర్చిపోయారు. మేమే అప్పజెప్పాలి."

మాస్టారు ఏదో అనబోయాడు. లోపలినుంచి అత్తగారి దగ్గు వినిపించి ఊరుకున్నాడు. మధ్యాహ్నం బస్సు వచ్చేదాకా నేను ఆ ఇంటి సొత్తునైపోయాను.

లోపల జుల్ఖుమోర్ నాకు టీ ఇచ్చి, పరుపు కింద నుంచి ఒక నోటుపుస్తకం తీసింది. బడి రిజిస్టరులో అందరూ హాజరే. ఇందులో మాత్రం ఏ పిల్లాడు ఏ చేలో, ఎన్ని రోజులు, ఎవరు తోలారు, అన్నీ ఉన్నాయి.

"పోయినేడు నలభై రోజులు పత్తి తీసి వచ్చారు ఓపా. భిన్నాలు మర్చిపోయారు. అవి మళ్ళీ చెప్పుకోవచ్చు. చేతులు పగిలి పెన్సిలు పట్టుకోలేకపోయారు, దానికి నేనేం చెయ్యను?"

"ఇన్నాళ్ళూ మా ఆఫీసుకు ఎందుకు రాలేదమ్మా?"

"ఏ సాకుతో రాను? మా ఇంట్లో ఆయన ఏమీ మర్చిపోలేదుగా."

నేను కప్పు కింద పెట్టాను. ఆమె నా మొహంలోకి పరీక్షగా చూసింది.

"అయ్యో, మీకు తెలీదా? ఆస్పత్రి నర్సు ఇంట్లో ఫ్లాస్కు, పాలకేంద్రంలో గొడుగు, మా పిన్నిగారింట్లో జోడు. ఆయన ఊళ్ళోకి వస్తే ఈసారి ఎవరికి అదృష్టం పడుతుందో అని లోయలో ఆడవాళ్ళందరం చూస్తుంటాం. టోపీ నా బల్ల మీద పెట్టినప్పుడు ఎంత సంబరపడ్డానో. మాస్టారు లాక్కుపోయాడు."

మూడేళ్ళు ఆ తలుపు బయట కూర్చుని రొట్టెలు తిన్నాను. లోయలో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి పుస్తకాలు చదువుకున్న నాకు ఒక్కదానికే తెలియలేదు.

బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె ఒళ్ళో మూట, మూటలో నాలుగు రొట్టెలు, రొట్టెల కింద నోటుపుస్తకం. ఆఫీసు మెట్ల దగ్గర జిల్లా గుమాస్తా ఎదురై, "ఏం పని?" అని అడిగాడు.

"అతిథిని అప్పజెప్పడానికి వచ్చాను" అంది జుల్ఖుమోర్, నన్ను చూపించి. అతను పక్కకు తప్పుకున్నాడు.

ఆకా గుమ్మంలోకి వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "మీరా? మీరు కారులోనే ఉన్నారనుకున్నానే" అని, లోపలి గది తలుపు తీసి ఆమెకు టీ పోయడానికి వెళ్ళారు.

ఆ సాయంత్రమే నోటుపుస్తకంలోని సంగతులన్నీ, ఆమె పేరు ఒక్కటి తప్ప, రాజధానికి వెళ్ళాయి. ఆదివారం పొద్దున్న పిల్లల్ని చేలకు పంపే హుకుం రద్దయింది. సోమవారం ఏడో తరగతి ముప్ఫై ఒక్కమందీ బడిలోనే ఉన్నారు. లెక్కల పరీక్ష పెట్టిందని జుల్ఖుమోర్ మీద అలిగారట. ఎవరు చెప్పారని పెద్దలు ఆరా తీస్తే సోబిర్ మాస్టారే సాక్ష్యం పలికాడు: "మా టీచరు అతిథిని దింపి వచ్చింది, అంతే. మా ఊరి మర్యాద అలాంటిది."

కారులో నేను ఆకాను నేరుగా అడిగాను. "నన్ను కావాలనే మర్చిపోయారు కదూ?"

"నా మతిమరుపు మీకు తెలియనిదా ఓపా?" అన్నారు ఆయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. జూరాబాయ్ మాత్రం అద్దంలో నాకేసి చూడకుండా మెడ పక్కకు తిప్పుకున్నాడు.

కబురు ఊరూరా పాకింది. ఆ పత్తి కాలం అయ్యేలోపు హమ్రాకుల్ ఆకా నన్ను పదకొండు ఊళ్ళలో మర్చిపోయారు. పన్నెండో ఊళ్ళో పని తొందరగా అయిపోయి, గుర్తుపెట్టుకుని కారెక్కించుకున్నారు. ఒక ముసలమ్మ చేతికర్ర ఊపుకుంటూ వచ్చి కారుకు అడ్డంగా నిలబడింది.

"ఈవిణ్ణి తీసుకుపోతున్నారేం బాబూ? మా ఊరు మీకేం అన్యాయం చేసింది?"

ఆకా నాకేసి చూశారు. నేనే తలుపు తీసుకుని దిగాను.