కళ్ళు మూసుకుని పోట్లాడిన సాయంత్రం

ఆ రోజుల్లో మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. బహుశా అన్ని సంఘాల్లోనూ ఉంటుంది. పని చేసేవాళ్ళకే ఇంకో పని చెప్పడం. చేయనివాళ్ళని అడిగితే నొచ్చుకుంటారట. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కార్ఖానా అనే పేటలో ఒక ప్రైవేటు బళ్ళో టీచర్ని. అంటే వారమంతా ఊళ్ళోవాళ్ళ పిల్లల మీద అరవడం నా ఉద్యోగం. ఆదివారం చిలకలగూడలోని మా మందిరంలో సండే స్కూలు పిల్లల మీద ఉచితంగా అరిచేదాన్ని. అది చాలదన్నట్టు క్వైరు, యూత్ కార్యదర్శి పదవి, ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని పోగుచేసి పాటలూ కథలూ నేర్పడం, క్రిస్మస్‌కి నాటిక, ఆ నాటికలో దేవదూతల రెక్కలు కుట్టడం, కుట్టిన రెక్కల్ని ఎలకలు కొట్టకుండా మళ్ళీ ఏడాది దాకా దాచడం. ఎవరికి ఏం కావాలన్నా "పాపకి చెప్పండి, చేస్తుంది" అనేవారు. (ఇరవై మూడేళ్ళొచ్చినా నేను పాపనే.) దేవుడు నిన్ను బలంగా వాడుకుంటున్నాడమ్మా అని మెచ్చుకునేవారు. దేవుడి సంగతేమో గానీ, వీళ్ళు మాత్రం నన్ను ఇల్లు తుడిచే గుడ్డని వాడినట్టు వాడారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఒక ఆదివారం పిల్లలకి ప్రార్థన గురించి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నేను ప్రార్థన చేసుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. చేయించడమే తప్ప చేసింది లేదు. అప్పుడు బాధ కూడా కలగలేదు, అదే అసలు భయం. దేవుడి మీద కోపం వచ్చినా బాగుండేది. ఉన్నదంతా విసుగు, అంతే. ఆ తర్వాతి ఆదివారం అమ్మ వచ్చి, మొదటి గంట కొట్టే వేళయింది లేవమంటే, నేను రానని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. అమ్మ గుంటూరు వైపు మనిషి, పరువు పోతే ప్రాణం పోయినట్టే. మందిరంలో నాకు జ్వరమని చెప్పింది. పై వారం కూడా జ్వరమే. ఆ పై వారానికి ఆ జ్వరాన్ని నమ్మేవాళ్ళు కరువయ్యారు.

ఇక్కడ స్తోత్రం ఆంటీ గురించి చెప్పాలి. ఆవిడ మా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, రిటైరైన నర్సు, ఉండేది అల్వాల్‌లో. బస్సు దొరికినా స్తోత్రమే, దొరక్కపోయినా స్తోత్రమే. ఆవిడకి నా గురించి భారం (మా వాళ్ళ భాషలో దిగులు) కలిగింది. మా వాళ్ళలో చాడీలు ఎవరూ చెప్పరు, దేవుడి దయవల్ల ఆ అలవాటే లేదు. ప్రార్థన అంశాలు చెప్పుకుంటారు. అలా నేను "ఆత్మీయంగా చల్లారిపోయిన బిడ్డ"గా వాట్సాప్ గ్రూపులోకి ఎక్కాను, వెనకాల దండాలు పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరి. సాయంత్రానికి కాకినాడ నుంచి మా పిన్ని ఫోను చేసి, గొంతు తగ్గించి, అబ్బాయి ఎవరని అడిగింది. మా వీధిలో కూరగాయల బండి దగ్గర ఇద్దరు సిస్టర్లు అతను మన వాళ్ళేనా అని ఆరా తీశారు. ఆడపిల్ల మందిరానికి రాలేదంటే దాని వెనక ఒక మగపిల్లాడు ఉండితీరాలి. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరికి, అలిసిపోయావా అమ్మా అని అడగాలని తోచలేదు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. నిజం చెప్పాలంటే, నెలల తరబడి ఏదీ అనిపించని నాకు, ఆ కోపం వచ్చాకే ఒంట్లో ప్రాణమున్నట్టు తెలిసింది.

బుధవారం సాయంత్రం ఆంటీ ఇంట్లోనే స్త్రీల కూటం. బడి వదలగానే అటే బస్సెక్కాను. ఈ రోజుతో మీకూ, మీ పనులకూ, మీ మందిరానికీ ఒక నమస్కారం అని మొహాన చెప్పేసి వచ్చేయాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తీరా వెళ్ళేసరికి అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించే వరుస మొదలైపోయింది. ఇక కొంప కాలుతున్నా సరే, ప్రార్థిస్తున్న మనిషికి అడ్డు రాకూడదు. నా మాటలన్నీ మింగుకుని గుమ్మం పక్కన కూలబడ్డాను. మూలన అమ్మ ఉంది. ఆంటీ ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసి, గొంతు సవరించుకుంది. మామూలుగా అచ్చమైన అల్వాల్ భాష మాట్లాడే మనిషికి ప్రార్థనలో ఎక్కడలేని గ్రాంథిక భాషా వస్తుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, చల్లారిపోయిన నీ బిడ్డను ఈ పూట నీ సన్నిధికి నడిపించినందుకు స్తోత్రము. ఆమెను ఏ లోకాశలు పట్టియున్నవో నీవు ఎరుగుదువు."

దేవుడు ఎరుగును సరే, ఎరగని చాపల మీదివాళ్ళ కోసం వివరాలు చెప్పుకుంటూ పోయింది. ఆవిడ ఆమెన్ అనడం ఆలస్యం, నా వరుస ఇంకా రాకుండానే "ప్రభువా" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎవరూ మనల్ని ఆపలేరు.

"ప్రభువా, వారములో ఏ దినమున నాకు లోకాశలకు తీరిక ఉన్నదో నీవే ఆంటీకి బయలుపరచుము."

అలవాటు కొద్దీ ఎవరో ఆమెన్ అన్నారు. ఆంటీ, పెద్దలకు ఎదురాడు నాలుకను కట్టివేయుమని తండ్రిని వేడుకుంది. వాట్సాప్‌లో పరుగెత్తు వేళ్ళను కూడా కట్టివేయుమని నేను వేడుకున్నాను. నా తల్లి పెంపకాన్ని ఆవిడ ప్రభువుకి గుర్తుచేస్తే, జ్వరం లేని మనిషికి ఆ తల్లే జ్వరం అంటగట్టిన సంగతి నేనూ గుర్తుచేశాను. చాపల మీద అందరూ కళ్ళు గట్టిగా మూసుకునే తలలు అటూ ఇటూ తిప్పుతున్నారట (ఇది తర్వాత తెలిసింది, చూసినవాళ్ళున్నారంటే కళ్ళు తెరిచినవాళ్ళూ ఉన్నట్టే). అమ్మ మాత్రం యేసయ్యా యేసయ్యా అని గొణుగుతోంది. అది ప్రార్థనో, భయమో నాకు తెలియలేదు.

నేను రెక్కలు కుట్టడం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే ఏకరువు పెట్టాను. ఎక్కడో దారిలో గ్రాంథిక భాష జారిపోయింది. తిన్నావా, పడుకున్నావా అని వీళ్ళలో ఒక్కరూ అడగలేదన్నాను. అక్కడితో ఆంటీ మీద చెప్పాల్సింది అయిపోయింది, కానీ నోరు ఆగలేదు.

"నువ్వు కూడా అడగలేదు. పిల్లలకి నీ గురించి చెప్పీ చెప్పీ నీతో మాట్లాడటమే మానేశాను. నీకు తెలిసిందా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నావు? నాకు నీ పని వద్దు. నాకు నువ్వు..."

మాట పూర్తి చేయలేదు. ఆమెన్ కూడా చెప్పలేదు. దేవుణ్ణి అలా నిలదీసిన ఆడపిల్లని ఆ చాపలు అంతకు ముందు చూసివుండవు. అప్పుడు ఆంటీ గొంతు వినబడింది, ఈసారి అల్వాల్ భాషలో.

"తండ్రీ, ఈ పోరి అలిసిపోయింది. మేమే అలవగొట్టినం. నాకు సుత సోయి లేకపాయె. నేను సుత నీతోని గిట్ల దిల్ ఇప్పి మాట్లాడక శానా దినాలాయె, ఊకె స్తోత్రం స్తోత్రం అనుకుంట తిరుగుతున్న. జెర మా ఇద్దర్ని చూస్కో."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మొహాన నమస్కారం పెట్టి వచ్చేద్దామని వెళ్ళినదాన్ని, ముక్కు చీదుకుంటూ ఆవిడ ఇచ్చిన టీ తాగాను. క్షమించమని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. వచ్చే ఆదివారం నుంచి సండే స్కూలు తాను చూస్తానని, నన్ను వెనక బెంచీలో కూర్చోమని, ఏ పని చేసినా ఊరుకోనని బెదిరించింది.

వెనక బెంచీలో ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే గానీ తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచేది కాదు. ఏళ్ళ తరబడి నేను పాడించిన పాటల్ని మొదటిసారి విన్నాను. ఒకసారి పాట సగంలో ఏడుపొచ్చి, జలుబు చేసినట్టు నటించాను. ఇలా ఇంకొన్నాళ్ళు సుఖంగా ఉండేదాన్నే గానీ, ఆంటీ ఉండనిస్తేగా. ఆవిడ ఏ కథ చెప్పినా చివరికి అన్నానికి ముందు చేతులు కడుక్కోవాలన్న నీతి దగ్గరికే తెచ్చేది. పిల్లలు దేవుడికీ సబ్బుకీ ఏదో చుట్టరికం ఉందనుకోవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం భరించలేక లేచి వెళ్ళి, జరగండి ఆంటీ అన్నాను. భక్తితో కాదు, ఒళ్ళు మండి. ఆ ఒక్క పనే తీసుకున్నాను. మిగతావాటికి పాపకి చెప్పొద్దని పాపే అందరికీ చెప్పింది. రెక్కలు ఇప్పుడు ఎవరు కుడుతున్నారో నేను అడగను.

ఇప్పుడు నాకు ముప్పై అయిదు దగ్గర పడుతోంది. అదే మందిరం, అదే పిల్లల తరగతి. మొన్న ఆదివారం పాస్టరు అయ్యగారు నన్ను సంఘం ముందు ప్రార్థన చేయమన్నారు. ఎక్కడా తడబడకుండా, నీవు ఎరిగియున్నావు, నీవు కనికరించితివి అంటూ చక్కగా చేశాను. బయటికొచ్చాక చాలామంది చేయి పట్టుకుని మెచ్చుకున్నారు. స్కూటరు మీద ఇంటికొస్తూ లెక్క వేసుకున్నాను. దేవుడి మీద నాకు చివరిసారి కోపం ఎప్పుడొచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇంట్లోకి రాగానే గది తలుపు వేసుకుని, "చూడు" అని మొదలుపెట్టాను. వెతగ్గా వెతగ్గా రెండు మూడు కోపాలు దొరికాయి, అవీ చిన్నవే. ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల పక్కనుంటే గంటసేపటికి సరిపడా అందించివుండేది.