వానదేవుడి మెల్లకన్ను

ఆ ఏడాది గల్ఫ్‌లో, అల్ కుసైస్‌లోని మా వర్క్‌షాపులో మాయన్ శిథిలాలు తయారుచేశాం. మెక్సికో అడవుల్లో ఎప్పటివో గుళ్లు ఎలా కూలి ఉన్నాయో ఫొటోల్లో చూసి, అచ్చం అలాగే థర్మోకోల్ మీద సిమెంటు పూసి చెక్కాలి. ఖోర్ ఫక్కాన్ దగ్గర ఒక రిసార్టు వాళ్ల కోరిక అది. నేను ఆళ్లగడ్డ శిల్పిని. మెట్ల గుడి ముందు పెట్టే వానదేవుడి తల, నిలువెత్తుది, పూర్తిగా నా చేతి పని. నలభై రోజులు పట్టింది. విగ్రహం నిలబడ్డాకే కళ్లు తెరవడం మా పద్ధతి కాబట్టి కళ్లు మాత్రం మిగిల్చాను.

రిసార్టులో తలను నిలబెట్టాక మా ముదీర్, అంటే మేనేజరు, చూడటానికి వచ్చాడు. మా మేస్త్రీ నెల్లూరాయన. నా ఎదుటే "యే మైనే బనాయా సాబ్" అని, అంతా తనే చేసినట్టు చెప్పేశాడు. ఒళ్లంతా కారం రాసినట్టయింది నాకు. నలభై రోజులూ నా వెనక కుర్చీలో ఫోను చూసుకున్న మనిషి! పైగా నా వైపు తిరిగి, "అబ్బయా, సాబుకి నీళ్లు తీసకరా" అన్నాడు.

తెచ్చిచ్చాను. ఇచ్చి, ముదీర్‌తో హిందీలో చెప్పాను. "సాబ్, కళ్లు ఇంకా పెట్టలేదు. చెక్కినాయనే పెట్టాల. మీ ముందరే పెట్టమనండి." ఉలీ సుత్తీ మేస్త్రీ చేతికిచ్చాను.

"యల్లా" అని మేస్త్రీని తొందరపెట్టాడు ముదీర్.

మేస్త్రీ మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "రేపు చేద్దామని చెప్పు అబ్బయా, నీకు పుణ్యముంటది" అని గొణిగాడు.

"నాకేం తెలుసునన్నా? నీళ్లు మోసేవాణ్ణి."

తప్పక నాలుగు దెబ్బలు వేశాడు. ఒక కన్ను ముక్కు వైపు పోయింది, ఇంకోటి చెవి వైపు. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో! ముదీర్ "ఖలాస్!" అని అరిచి ఆపించి, ఉలి లాక్కుని, సరిచేయమని నాకివ్వబోయాడు. నాకది గంట పని.

"మేస్త్రీ చెక్కిన మొహం సాబ్. నేను ముట్టుకోను" అన్నాను.

మర్నాడే ప్రారంభం. వేరే దారిలేక తలను అలాగే వదిలేశారు. మేస్త్రీని కల్బాలో స్టోరు కాపలాకు పంపారు.

ఈద్ సెలవుల్లో టికెట్ కొనుక్కుని ఆ శిథిలాలు చూడ్డానికి వెళ్లాను. జనం ఆ తల పక్కన నిలబడి, తామూ మెల్లకళ్లు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. నవ్వుకుంటూ మా ఆవిడకు వీడియో కాల్ చేసి చూపించాను.

"ఏందయ్యో, మెల్లకన్ను! ఇది నువ్వు చెక్కిందేనా?" అని పగలబడి నవ్వింది.

"కాదే," అన్నాను, "మా మేస్త్రీ చెక్కినాడు."