పిన్ని విరిచిన సేమియా

పిన్ని పోయిందని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పనికి వెళ్తూ మిర్కాబ్ వైపు వెళ్ళే బస్సులో ఉన్నాను. గుండె ఆగిపోయిందట. "ఫోన్లో ఎవరేం చెప్పినా రెండోసారి అడగవే" అని నేర్పింది ఆవిడే కనక మళ్ళీ అడిగాను. నిజమే.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. ఈ అరబ్బు దేశంలో, మహబూలాలో మేం కలిసి అద్దెకుంటున్న ఫ్లాట్‌లో అందరికీ పిన్నే. నరసాపురం వైపు మనిషి. అరబ్బుల ఇళ్ళలో పని చేస్తూ సగం జీవితం ఇక్కడే గడిపింది. అంత అనుమానపు మనిషిని మీరు చూసి ఉండరు. పాలు విరిగితే దుకాణం వాణ్ణి, పొంగితే స్టవ్వుని అనుమానించేది. పనిచేసే ఇంటి యజమానురాలు, ఇక్కడి మాటలో 'మామా', కొత్త చీర ఇస్తే, "ఈవిడకి నాతో ఏం పని పడిందో" అనేది. ఆ అనుమానమే మమ్మల్ని దొంగ ఏజెంట్ల బారి నుంచి కాపాడింది. ఆ మేలు మరిచిపోలేం.

ఆవిడ అనుమానాల్లో పెద్ద వాటా మా ఫ్లాట్‌లోనే ఓ మంచం అద్దెకి తీసుకుని, మా వంటగదిలో వండుకునే ఫిలిప్పీన్ అక్కది. అక్క ముత్తాతల్లో ఒకాయన చైనా నుంచి పింగాణీ, పట్టు అమ్ముకోవడానికి ఓడలో మనీలా వచ్చి, అక్కడి పిల్లనే పెళ్ళాడాడట. సరుకు ఎప్పుడో అమ్ముడుపోయింది, నమ్మకాలు ఇంట్లో ఉండిపోయాయి. అక్క మెడలో సిలువ ఉంటుంది. కొత్త సంవత్సరం వస్తే మరియమ్మ బొమ్మ పక్కన గుండ్రటి పళ్ళు పేర్చి, సిరి వస్తుందంటుంది.

"సరుకొక్కటే దిగదమ్మా, ఓడలోంచి దేవుళ్ళు కూడా దిగుతారు" అనేది పిన్ని.

"మరి మన ఊరికి ప్రభువు వచ్చింది దొరల ఓడలోనే కదా పిన్నీ?" అన్నాను నేను.

"చాల్లే. నీకివన్నీ ఎవరు ఎక్కిస్తున్నారు?"

మొన్న చలికాలంలో, పాస్‌పోర్టులో ఏజెంటు రాయించిన పిన్ని పుట్టినరోజుకి, అక్క నూడుల్స్ వండబోయింది. వాటిని తెంపకుండా తింటే ఆయుష్షు పెరుగుతుందట. అదీ ఆ చైనా తాతగారి నమ్మకమే. అక్క కూరగాయలకని కిందకి దిగింది. సాయం చేద్దామని పిన్ని ప్యాకెట్టంతా సేమియాలా ఫటఫటా విరిచి, నేతిలో వేయించేసింది.

అక్క వచ్చి చూసి ఏడ్చేసింది. "వై కట్, పిన్నీ? లైఫ్ కట్!"

"విరవకపోతే గిన్నెలో ఎలా పడతాయే?" అంది పిన్ని. సంగతి విన్నాక మెత్తబడింది. "నా ఆయుష్షు ప్రభువు చేతిలో ఉంది గానీ నీ సేమియాలో లేదులే. ఏడవకు, ముందు తిను." తనూ కడుపునిండా తింది. తినే ముందు వాసన మాత్రం చూసింది.

ఇప్పుడు పిన్ని లేదు. ఆవిడ అనుమానాన్ని మాత్రం ఫ్లాట్‌లో తలా కాస్త పంచుకున్నారు. "ఆ నూడుల్స్‌లో ఏం మంత్రం పెట్టిందో! దాన్ని ఖాళీ చేయించాలి" అంటున్నారు. అక్క జీతానికి ఇంకోచోట అద్దెకి మంచం దొరకడం కష్టం. పిన్ని ఉంటే అందరినీ ఆరా తీసేది, అక్కని మాత్రం పంపేది కాదు.

శుక్రవారం పిన్ని కోసం మా గదిలో ప్రార్థన పెట్టుకున్నాం. అక్క అల్లం, కోడిమాంసం వేసి బియ్యం జావ కాచి తెచ్చింది. ఎవరూ ముట్టలేదు. ఒకామె గిన్నె వెనక్కి జరిపింది. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

నిజం చెప్పాలంటే నాకూ లోపల గుబులే. అయినా జావ పోయించుకుని తాగాను. ప్రార్థన మరిచి అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు, నాకేమైనా అవుతుందేమోనని. గిన్నె ఖాళీ చేసి, మళ్ళీ చాపాను.