ఎలుగు వదిలేసిన మనిషి

ఆ బజారులో సెలూన్లు ఇంకా ఉన్నా, ఎవరికైనా దారి చెప్పాలంటే అందరి నోటా వచ్చే గుర్తు ఒక్కటే. ఎలుగాయన షాపు పక్క సందు, ఎలుగాయన షాపుకి ఎదురుగా మందుల కొట్టు. షాపు మీద బోర్డుకి ఆయన తన పేరు ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాల్లో రాయించుకున్నాడు. దాన్ని చదివిన పుణ్యాత్ముడు ఇంతవరకూ లేడు.

చెయ్యి మాత్రం మంచిది. గడ్డం గీస్తుంటే చెంప మీద కత్తి ఉన్నట్టే తెలియదు. కత్తెర ఆడుతుండగా కునుకు తీసేవాళ్ళున్నారు. కానీ కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళు అద్దంలో తన తలని చూడవు, వెనక నిలబడ్డ ఆయన తలనే చూస్తాయి. నడినెత్తి నుంచి ఎడమ చెవి దాకా జుట్టు మొలవని చార ఒకటి, నున్నగా, మెరుస్తూ. ఆ చెవికి పై సగం లేదు. ఎడమ భుజం ఒక ఎత్తు దాటి లేవదు, అందుకని దువ్వెన పట్టుకున్నప్పుడల్లా "తల కాస్త వంచండి" అనక తప్పదు. వంచిన తలలోంచే ప్రశ్న వచ్చేది. ఎలుగుబంటి అంట కదా? ఎంత పెద్దది? చచ్చినట్టు పడుకుంటే ముట్టదంటారు, నిజమేనా?

కత్తి చేతిలో ఉన్నప్పుడు ఒళ్ళు మండించుకోకూడదు. అందుకని ఆయన పంటి బిగువున "ఆ, ఏదో లెండి" అని ఊరుకునేవాడు.

అంతటితో పోయేదే, బావమరిది లేకపోతే. ఆయన భార్యకి తమ్ముడు అతను. జీపు నడుపుతాడు. కిరాయి లేని రోజున షాపు బెంచీయే అతని ఇల్లు. ఎవరి నోట్లోంచి ఎలుగు అన్న మాట రావడం ఆలస్యం, పేపరు మడిచి పక్కన పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు. ఎలుగు బావ మీద పడిందట. అతను జీపులోంచి ఇనప రాడ్డు లాగి దాని మూతి మీద ఒక్కటిచ్చాడట. మొదట్లో ఆ దెబ్బ ఒక్కటే. ఏళ్ళు గడిచేకొద్దీ దెబ్బలు పెరిగాయి, ఎలుగూ పెరిగింది. ఆ మధ్య చెప్పినప్పుడు దానికొక పిల్ల కూడా తోడయింది. అది చెబుతున్నంతసేపూ ఎలుగాయన కత్తిని తోలు పట్టీ మీద అవసరం లేకపోయినా నూరుతూ నిలబడేవాడు.

జరిగింది వేరు. కొండల అవతల, జీపు కూడా ఆపసోపాలు పడుతూ వెళ్ళే చోట, రోడ్డు వేసే కూలీల క్యాంపు ఉండేది. వాళ్ళు నెలల తరబడి కిందికి దిగేవారు కారు. బావమరిది జీపులో సరుకులు తీసుకెళ్ళేవాడు, అప్పుడప్పుడూ ఎలుగాయన తన సంచీ సర్దుకుని తోడు వెళ్ళి వాళ్ళందరికీ క్షవరాలు చేసి వచ్చేవాడు. ఆ రోజు జీపు బురదలో దిగబడింది. కాస్త దూరమే కదా అని అడ్డదారిన నడిచారు. ఎలుగాయన ముందు, బావమరిది వెనక. పొదల మలుపు తిరిగేసరికి నల్లగా ఏదో లేచి నిలబడింది. ఆయన వెనక్కి తిరిగాడు, అంతే. వీపు మీద ఇల్లు కూలినట్టయింది. ముఖం బురదలో కూరుకుపోయింది. ఆ స్థితిలో ఆయన చెవిన పడ్డది ఒకే చప్పుడు. బావమరిది వదులు చెప్పులు టపటపమంటూ దూరమైపోతున్న చప్పుడు.

తరవాత ఎలుగు తనంతట తనే వెళ్ళిపోయింది. చాలాసేపటికి బావమరిది, రోడ్డు దారిన క్యాంపు చేరి, డబ్బాలు వాయించుకుంటూ అక్కడి మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. దుప్పటిలో మోయించి, జీపు పైకి లాగించి, ఎక్కడా ఆపకుండా ఆసుపత్రికి తోలాడు. అక్కడ ఎలుగాయన కళ్ళు తెరిచేసరికే రాడ్డు కథ పుట్టేసింది. మంచం పక్కన భార్య కూర్చుని, మా తమ్ముడే లేకపోతే నా బతుకేమయ్యేదని ఏడుస్తోంది. అప్పటికి ఆయన దవడ చుట్టూ కట్టు. మాట్లాడదామంటే నోరు పెగల్లేదు. కట్టు విప్పేనాటికి ఆ కథ బజారంతా తిరిగొచ్చి ఇంట్లో స్థిరపడిపోయింది. పోనీలే, భార్య సంతోషం ఎందుకు చెడగొట్టడం అనుకున్నాడు. ఆ పోనీలే ఇన్నేళ్ళపాటు గొంతులో ముల్లులా కూర్చుంటుందని ఆయనకేం తెలుసు.

ఒకసారి అడవుల ఆఫీసువాళ్ళు కూలీలకి జాగ్రత్తలు చెప్పించాలని పిలుచుకెళ్ళారు. మైకు చేతికిచ్చి, ఎలుగు ఎదురైతే మీరేం చేశారో చెప్పమన్నారు. "పడిపోయాను" అన్నాడు ఆయన. ఆ తరవాత అంటే, ఇంకేమీ చెయ్యలేదన్నాడు. ఎవరో దగ్గారు. మైకు బావమరిది చేతిలోకి వెళ్ళిపోయింది. సభ బ్రహ్మాండంగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఎలుగాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇలా నడుస్తుండగా, అవతలి కొండల్లో కరెంటు తీగలు లాగే పనివాడొకణ్ణి ఎలుగు చంపేసిందని కబురొచ్చింది. ఇంకేముంది, షాపులో జాతర. గడ్డం లేనివాడు కూడా గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. ఎలుగాయన ప్రాణం విసిగిపోయింది. షాపు మూసేసి ఎటైనా పోదామా అనుకున్నాడు కానీ, మూసేస్తే ఇంటికొచ్చి అడుగుతారు.

ఆ గోల కాస్త సద్దుమణిగాక, ఒక మధ్యాహ్నం పూట ఒకామె వచ్చి షాపు గుమ్మంలో నిలబడింది. ఆడవాళ్ళు ఆ గుమ్మం ఎక్కరు. కుర్చీలో సగం క్షవరం అయిన మందుల కొట్టాయన మెడ చుట్టూ గుడ్డ సర్దుకున్నాడు.

"ఎలుగు పట్టినా బతికిన మనిషి మీరేనా అన్నా?" అని అడిగింది.

ఆ చచ్చిపోయినవాడి భార్య ఆమె. రెండు బస్సులు మారి వచ్చింది. ఎలుగాయన కత్తెర కింద పెట్టి, ఆమెకి బెంచీ చూపించి మంచినీళ్ళిచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుందే కానీ తాగలేదు. అందరూ ఒక్క క్షణంలో అయిపోయి ఉంటుందిలే అంటున్నారనీ, అలా అనేవాళ్ళెవరూ అక్కడ లేరనీ, దాని కింద ఉండి వచ్చిన మనిషినే అడుగుదామని వచ్చాననీ చెప్పింది.

ఆయన గొంతు విప్పే లోపలే బావమరిది పేపరు మడిచాడు. పాపం, ఊరడిద్దామనే అనుకున్నాడేమో. కానీ అతనికి తెలిసిన ఊరడింపు ఒక్కటే. రాడ్డు బయటికొచ్చింది. దెబ్బలన్నీ పడ్డాయి. ఎలుగు కుయ్యోమంటూ పొదల్లో పడి పారిపోయింది. ఆమె కదలకుండా విన్నది. విని, అతని వైపు చేతులు జోడించింది.

"నీలాంటివాడు పక్కనుంటే మా ఆయన బతికేవాడు తమ్ముడూ. ఆయన పక్కనున్నవాడు చిన్నప్పటి స్నేహితుడు. వదిలేసి పారిపోయొచ్చాడు. రోజూ వచ్చి మా వాకిట్లో నిలబడతాడు. నేను తలుపు తియ్యను. మీ నాన్నని చంపింది వాడేనని పిల్లలకి చెప్పాను."

బావమరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా తల ఊపాడు. ఆ తల ఊపడం అద్దంలో చూశాడు ఎలుగాయన. ఇన్నేళ్ళుగా మింగినదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"వీడూ పరిగెత్తాడమ్మా" అన్నాడు.

మందుల కొట్టాయన కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. "బావా" అన్నాడు బావమరిది, నవ్వబోయి. ఎలుగాయన అతని వైపు చూడలేదు.

"రాడ్డు జీపులోనే ఉంది. జీపు బురదలో ఉంది. వీడి చేతిలో ఏమీ లేదు, నా చేతిలో సంచీ ఉంది. వీడు పరిగెత్తాడు. పరిగెత్తాడు కాబట్టే నలుగురిని తీసుకొచ్చాడు. అక్కడే నిలబడి ఉంటే మా ఇద్దరి కోసం వేరే ఎవరో వచ్చి ఏడ్చేవాళ్ళు."

"మరి మీరెలా బతికారు?" అంది ఆమె.

"నాకు తెలీదు. ఎందుకు పట్టుకుందో తెలీదు, ఎందుకు వదిలేసిందో తెలీదు. దానిష్టం. నేను చేసింది ఏమీ లేదు. మీ ఆయన తప్పు చేసిందీ ఏమీ ఉండదు. ఆ స్నేహితుడిదీ అంతే."

బావమరిది లేచాడు. చెప్పులు వెతుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె ఆ వెళ్ళడాన్ని చూస్తూ ఉండిపోయింది. తరవాత, అడగడానికే అంత దూరం వచ్చిన మాటని మెల్లిగా అడిగింది. నొప్పి తెలుస్తుందా అని.

అప్పుడు తెలియలేదని చెప్పాడు ఆయన. బరువు తెలిసింది, కుళ్ళిన ఆకుల్లాంటి వాసన తెలిసింది. నొప్పంతా ఆసుపత్రిలోనే మొదలైంది. అందరికీ అంతేనా అంటే ఆ సంగతి తను చెప్పలేననీ, తన వరకూ అది నిజమనీ అన్నాడు. ఆ సమయంలో ఏం గుర్తొచ్చిందని ఆమె అడిగింది. ఆయనకి ఇక అబద్ధం కలపడానికి మనసొప్పలేదు.

"షాపులో కుళాయి కట్టేశానా లేదా అని" అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. తన భర్త కూడా ఏ పనిలో ఉన్నా గొళ్ళెం పెట్టావా, దీపం ఆర్పావా అంటూ ప్రాణం తీసేవాడని చెప్పింది. చెబుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మందుల కొట్టాయన సగం తలతోనే కిందికి చూస్తూ కూర్చున్నాడు. బస్సు వేళకి ఆమె లేచింది. తలుపు తీస్తానని గానీ తియ్యనని గానీ అనలేదు.

సాయంత్రానికల్లా మందుల కొట్టాయన పుణ్యమా అని కొత్త కథ బజారెక్కింది. ఎలుగాయన ఇల్లు చేరేసరికి అన్నం గిన్నె మూత పెట్టి ఉంది, భార్య ముఖమూ మూత పెట్టినట్టే ఉంది.

"ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నారు కదా, ఇంకొన్నాళ్ళు ఆగితే ఏం పోయింది? ఆవిడ మనకేమవుతుంది, వాడు మనకేమవుతాడు?"

ఆయన కంచం ముందుకి లాక్కున్నాడు. ఆమె గరిటె కింద పెట్టి, గొంతు తగ్గించి ఇంకో మాట అంది.

"అయినా, చచ్చిపోతూ మీకు కుళాయి గుర్తొచ్చిందా?"

ఎలుగు కింద కూడా ఆయన ఇంత ఇరుకున పడలేదు.

నిజం చెప్పాక మనసు తేలికపడుతుందని అంటుంటారు. ఆయనకి ఆ ముచ్చటా తీరలేదు. ఇదివరకు ఎలుగు గురించి అడిగేవాళ్ళు, ఇప్పుడు బావమరిది గురించి అడుగుతున్నారు. ఎంత దూరం పరిగెత్తాడు? వెనక్కి తిరిగి చూశాడా? పోకిరీలు జీపు వెనక పడి, ఎలుగొచ్చింది, పరిగెత్తు అని అరుస్తున్నారట. ఒకరోజు కుర్చీలో ఎవడో అదే మాట అని పకపకా నవ్వాడు. ఎలుగాయన సబ్బు నురగ తుడిచేసి, సగం గడ్డంతోనే వాణ్ణి లేపి గుమ్మం దాటించాడు. ఆ ఊళ్ళో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. ఆ కొండల అవతల తలుపు తెరుచుకుందో లేదో తెలుసుకోవాలని మాత్రం ఆయనకి మహా ఇదిగా ఉండేది. అయితే ఎవరినైనా ఆరా తీస్తే, తనని పీక్కుతినేవాళ్ళలో తనూ ఒకడవుతాడు. అందుకని అడగలేదు.

బెంచీ ఖాళీగానే ఉండిపోయింది. ఖాళీ బెంచీ మీద కూడా ఆయనకి కోపం వచ్చేది. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బావమరిది ఇంటికి వెళ్ళాడు. జీపు వాకిట్లో ఉంది, దాని కిందినుంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. పక్కన నూనె డబ్బా.

"బయటికి రా" అన్నాడు.

కాళ్ళు కదల్లేదు. కిందినుంచే మాట వచ్చింది.

"నేను పరిగెత్తిన సంగతి నాకు తెలీదనుకున్నావా బావా? రాడ్డు కథ చెబుతున్నంతసేపూ చేతిలో అది ఉన్నట్టే ఉండేది. చెప్పడం ఆపితే చెప్పుల చప్పుడు వినబడేది. అందుకే ఆపలేదు."

ఎలుగాయన సంచీ కింద పెట్టాడు. ఆ చప్పుడు తనొక్కడికే వినబడుతోందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వీడికీ వినబడుతోందని తెలిస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదేమో. అయినా చెప్పి చావొచ్చు కదా అని చిరాకేసింది.

"మా అక్క మాట్లాడుతోందా నీతో?"

"ఉప్పు కావాలా అని అడుగుతోంది. అంతవరకే."

కింద చిన్న నవ్వు. బావమరిది మెల్లిగా పాకుతూ బయటికి వచ్చాడు. గడ్డం మాసి, పెరిగి, చూడబుద్ధి కాకుండా ఉంది. షాపుకి రమ్మన్నాడు ఎలుగాయన. రానన్నాడు అతను. ఆ బజారులో అడుగు పెట్టనన్నాడు. ఎన్నాళ్ళని అంటే, తెలీదన్నాడు.

"కూర్చో అయితే" అన్నాడు ఎలుగాయన.

జీపు బానెట్టు మీద కూర్చోబెట్టి, తువ్వాలు మెడకి చుట్టి, బ్రష్షు తడిపాడు. బావమరిది మొండిగా గడ్డం పైకెత్తుకుని ఆకాశం వైపే చూస్తున్నాడు. ఎలుగాయన ఎడమ చెయ్యి అంత ఎత్తుకి లేవడం లేదు. కాస్త వంగమని ఒకసారి చెప్పాడు, రెండోసారి కసిరాడు. వంగలేదు. ఇక లాభం లేదని ఆయనే బంపరు మీదికి ఎక్కి, తిట్టుకుంటూ గీయడం మొదలుపెట్టాడు.