ఆకుపచ్చ సుద్దపొడి

చూడాలని ఉండి చూడలేకపోయిన మనిషీ, చూడక్కర్లేదనుకున్న మనిషీ బయటికి ఒకేలా కనిపిస్తే, తేడా తెలుసుకునేదెలా? ఏళ్లుగా నన్ను వదలని ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఒక్కరు, వనపర్తిలో నాకు కెమిస్ట్రీ చెప్పిన సారు, పోయిన వారం గద్వాలలో కన్నుమూశారు.

ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే ఆకుపచ్చ వెలుగు, ధ్రువజ్యోతి, మా సిలబస్‌లో లేదు. అయినా చెప్పేవారు. ఆకుపచ్చ సుద్దతో బోర్డు నిండా తెరలు తెరలుగా వెలుగు గీసి, మేం నోరు తెరుచుకుని చూస్తుండగానే తుడిచేసేవారు. పొడి మెల్లగా రాలుతుంటే, "ఇగో, అసలు కత గిప్పుడు షురూ" అనేవారు.

ఆ వెలుగు పుట్టించే ఎలక్ట్రాన్లే పైగాలిలోని నైట్రోజన్‌ను చీలుస్తాయి. అది ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఎండ తగిలితే విరిగిపోతుంది. ధ్రువాల చలికాలపు చీకట్లో మాత్రం బతికి, నెమ్మదిగా కిందికి దిగి ఓజోన్‌ను కొరుకుతుంది. వెలుగు అప్పటికి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది.

"సారూ, మీరు సూసిండ్రా గా వెలుగు?" పెద్దమందడి నుంచి వచ్చే అమ్మాయి అడిగింది.

"సూడలే."

"మరెట్ల చెప్తరు?"

"మీ తాత పెండ్లికి నువ్వు పోయినవా? పోకున్నా నువ్వున్నవ్ గద!"

క్లాసంతా గొల్లుమంది.

సారు రిటైరయ్యాక, నార్వేలో ఉన్న మా క్లాసువాడొకడు పరిశోధనకు నన్నూ, వెలుగు చూడ్డానికి సారునూ రమ్మన్నాడు. నాకు పోవాలనీ ఉంది, భయమూ ఉంది. గద్వాలలో సారింటికి వెళ్లి, పోదామా అని అడిగాను.

"వెలుగు సూసి ఏం జేస్తనమ్మా? అది పోయినంక ఏం మిగుల్తదో, గదే మన సబ్జెక్టు" అన్నారు. బస్సు దాకా వచ్చి, నేను ఎక్కుతుంటే, "గంత చలికి మంకీ టోపీ ఆగుతదా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నార్వే మాట మళ్లీ ఎత్తకుండా నాగర్‌కర్నూల్‌లో నా టీచరు ఉద్యోగానికి తిరిగొచ్చేశాను.

మొన్న పరామర్శకు వెళితే చిలక్కొయ్యకు లావుపాటి ఉన్ని టోపీ వేలాడుతోంది.

"పొద్దుగాల తిరగనీకని కొన్నడు మీ సారు. ఒక్కనాడు పెట్టలే" అంది ఆయన భార్య. "గద్వాలల గింత టోపీ ఎందుకని నేను రోజూ లొల్లి వెడ్తుంటి."

ఇవాళ క్లాసులో ఆకుపచ్చ తెరలు గీసి, తుడిచాను. పొడి నా చీర కుచ్చిళ్ల మీద వాలింది. దులపలేదు. ఆయనకు ఆశ ఉండేదో లేదో, నేను ఆగింది ఆయన మాటకో నా భయానికో, నాకు ఇంకా తేలలేదు.