సుంకం పాఠం చెప్పిన సారు

మా సారు పోయారు. జనగామ బస్సు దిగి నెల్లికుదురులో మా ఇంటికి వచ్చిన తమ్ముడు గడప బయటే నిలబడి ఆ మాట చెప్పాడు. పొయ్యి మీది ఎసరు దించి, నిప్పు ఆర్పాను. మీలో ఆయన్ను ఎరిగినవారు బహుశా ఎవరూ ఉండరు. మా ఊరి బడిలో ఇరవై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పారు. మా పక్కిల్లే. ఒకప్పుడు మా బాపుకు ప్రాణస్నేహితుడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చి బడులు మూతపడితే, సారు తన వాకిట్లో చాప పరిచి మాకు చదువు చెప్పారు. మిర్చి తొడిమెలు తీసే పని ఉంది, ఆడపిల్లకు చదువెందుకని మా నాయనమ్మ అడ్డుపడింది.

"పిల్లను పంపు అవ్వా, తొడిమెలు నేను తీసిపెడ్త" అన్నారు సారు. అన్నట్టే తీశారు. ఆ చేత్తోనే కళ్లు నలుపుకుని, నీళ్లు కారుతుంటే పాఠం చెప్పేవారు.

ఆయనకు ఇష్టమైన పాఠం సుంకాలు. "పరాయి సరుకును ఊకెనే రానిచ్చేది దేశం గాదు, ధర్మసత్రం" అనేవారు. "వాళ్లకు మనతోని అక్కర పడ్డనాడు మనం ఎట్ల నిలబడ్డమో, గదీ బలం." పెద్ద దేశమేదో కన్నెర్రజేస్తే మనవాళ్లు ఖరాఖండిగా జవాబిచ్చారని రేడియోలో విన్న రోజు, ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినేవారని ఆయన భార్య నవ్వేది.

ఆ పాఠం చాప మీదే ఉండిపోతే ఎంత బాగుండేది!

కొన్నేళ్లకు ఆముదాలు విరగపండాయి. బేరగాళ్లు నోటికొచ్చిన ధర చెప్పారు. సారు ఊరిని కూడగట్టారు.

"మన ఆముదం పోకుంటే పై దేశాల మిషన్లు కదలయి. మరి ఎవలకు ఎవలు అక్కర?"

ఊరి మొగదల వెదురుబొంగు అడ్డంగా కట్టారు. ఆముదాలకు వచ్చే ప్రతి బండీ బడి పెంకుల కోసం సుంకం కట్టాలి, ఊరు చెప్పిన ధరకే కొనాలి. ఎవరూ బయటికి తీసుకెళ్లి అమ్మకూడదు. అందరికంటే ముందు ఒట్టేసింది మా బాపు.

బేరగాళ్లు కొట్లాడలేదు. రావడం మానేశారు, అంతే. మరిపెడ దాకా వెళ్లి కొనుక్కున్నారు. రెండు నెలలు గడిచాయి. మా అమ్మ కడుపులో గడ్డ ఉందని, వెంటనే వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పాడు. మా ఇంట్లో ఉన్నదల్లా ఆముదాల బస్తాలే. వాటిని జనగామలో అమ్మి అటు నుంచే వరంగల్ వెళ్లాలని తెల్లారగానే బాపు బండి కట్టాడు. బస్తాల మీద అమ్మను పడుకోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. బొంగు దగ్గర సారు ఉన్నారు.

"సారూ, ఇగ నాతోని కాదు" అన్నాడు బాపు.

సారు అమ్మ ముఖం చూశారు. బొంగు తనే పైకెత్తారు.

సాయంత్రానికల్లా ఊరి బండ్లన్నీ జనగామ దారి పట్టాయి. బేరగాళ్లు మునుపటి ధర కూడా ఇవ్వలేదు. అమ్మ బతికింది. ఊరు మాత్రం సారును బతకనివ్వలేదు. "దేశాలేలెటోడు వచ్చిండు" అని ముఖం మీదే ఎగతాళి చేసింది. బాపును ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆయన పక్కింటి గడప మళ్లీ తొక్కలేదు. అలా పన్నెండేళ్లు.

ఇప్పుడు నేనూ నెల్లికుదురు బడిలో అదే పాఠం చెబుతున్నాను. పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు, ఆ పాఠం తప్పా సారూ అని అడిగాను.

"పాఠం తప్పు గాదు బిడ్డా. దేశానికి గాదెలుంటయి, ఆగుతది. మీ అమ్మ ఎట్ల ఆగుతది? గది నాకు తట్టలే." మా ఇంటి వైపు చూసి, "మీ బాపు మంచిగున్నడా?" అన్నారు.

"రమ్మని చెప్పాల్నా సారూ?"

"వద్దు. సిగ్గుపడ్తడు."

ఆ రోజే బాపును చెయ్యి పట్టి లాక్కురావాల్సింది. తీసుకురాలేదు. దాన్ని ఎలా సరిదిద్దుకోవాలో నాకు తెలియదు. సరిదిద్దుకునే దారే లేదు.

తమ్ముడితో ఊరెళ్లాను. దహనానికి బాపు అందరికంటే వెనక, దూరంగా నడిచాడు. తిరిగొచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"ఒక్కపారి పోయి మాట్లాడితే ఏమాయె బాపూ?"

"తిడ్తడనుకుంటే ఎన్నడో పోదును బిడ్డా. ఆయన ఏమనడు."

అమ్మ సారు భార్య దగ్గర కూర్చోవడానికి లోపలికి వెళ్లింది. పక్కింటి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. బాపు చెప్పులు విడిచి, మళ్లీ చేతిలోకి తీసుకుని, పొద్దుగూకేదాకా ఆ వాకిట్లోనే నిలబడ్డాడు.